కొత్త వెర్షన్‌కు ఎప్పుడు మారాలి, పాఠం ఎక్కడ నేర్చుకోవాలి
డిజైన్ వృత్తిలో ఉన్న పాఠకుల ప్రశ్నలు, వాటికి సమాధానాలు

ప్రశ్న: పుస్తకాలకు ముఖచిత్రాలు చేయడం, లోపలి పుటలు కూర్చడం నా వృత్తి. అడోబీ క్రియేటివ్ సూట్ 6ను ఒకేసారి డబ్బు కట్టి కొనుక్కున్నాను, ఇప్పటికీ దానితోనే పని జరుగుతోంది. తోటి డిజైనర్లందరూ చందా పద్ధతికి మారిపోయి నన్నూ మారమంటున్నారు. ఉన్నది పనిచేస్తుండగా కొత్తదానికి డబ్బు పోయడం అవసరమంటారా?
— పుటలు కూర్చే ఒక పాఠకుడు

సమాధానం: నలుగురితో నారాయణా అని చందా కట్టనక్కరలేదు. అయితే మీ సాఫ్ట్‌వేర్ ఆయుష్షు ఇప్పుడు మీ కంప్యూటరు ఆయుష్షుతో ముడిపడి ఉందన్న సంగతిని మాత్రం గుర్తుంచుకోవాలి. సీఎస్6 (మీ క్రియేటివ్ సూట్ 6) వచ్చింది 2012లో. ఇకపై కొత్త వెర్షన్లు చందాదారులకే ఇస్తామని అడోబీ 2013 మే నెలలో ప్రకటించింది కనుక, ఆ సంస్థ నుంచి శాశ్వత లైసెన్సుతో వచ్చిన ఆఖరి సూట్ మీ దగ్గరున్నదే. అది మారలేదు గానీ దాని చుట్టూ ఉన్నవన్నీ మారుతూ వచ్చాయి. 2019 అక్టోబరులో వచ్చిన మ్యాక్ ఓఎస్ కాటలీనా పాత తరహా 32 బిట్ ప్రోగ్రాములను నడపడం పూర్తిగా మానేసింది. సీఎస్6లో పుటలు కూర్చే ఇన్‌డిజైన్ 32 బిట్ ప్రోగ్రామే కాబట్టి మ్యాక్ వాడేవారికి ఆ రోజుతోనే దారి మూసుకుపోయింది. విండోస్ మీద ఇంకా నడుపుకుంటున్నవారు ఉన్నారు. అయినా పాత లైసెన్సును కొత్త యంత్రానికి మార్చుకోవలసి వచ్చినప్పుడు అది సాఫీగా జరిగి తీరుతుందని అనుకోలేము.

రెండో సంగతి, ఇతరులతో మీరు ఇచ్చిపుచ్చుకునే ఫైళ్లు. కొత్త ఇన్‌డిజైన్‌లో భద్రపరచిన ఫైలు మీ వెర్షన్‌లో నేరుగా తెరుచుకోదు. పంపేవారు దాన్ని ఐడీఎమ్‌ఎల్ (పాత వెర్షన్లూ చదవగల మార్పిడి ఫైలు) రూపంలో ఎగుమతి చేసి ఇవ్వాలి. అలా వచ్చిన ఫైలు తెరుచుకుంటుంది గానీ, రెండు వెర్షన్లూ అక్షరాలను పంక్తులుగా విరిచే తీరులో రవ్వంత తేడా ఉన్నా ఏదో ఒక పేరాలో చివరి మాట కిందికి దిగుతుంది. దాంతో ఆ పుటలోని చివరి పంక్తి తరువాతి పుటకు జరుగుతుంది, అధ్యాయం ముగిసేసరికి ఒక పుట పెరుగుతుంది, చివరికి విషయసూచికలోని అంకెలన్నీ తప్పుతాయి. ప్రకటనలో ‘పాత ఫైళ్లన్నీ తెరుచుకుంటాయి’ అనే హామీ కనిపించినప్పుడు, తెరుచుకోవడం వేరు, ఉన్నది ఉన్నట్టుగా ఉండడం వేరు అని మనమే సరిచూసుకోవాలి.

కాబట్టి కొత్త వెర్షన్‌ను తూచడానికి కంపెనీ వారి విశేషాల జాబితాను పక్కన పెట్టి, మీరు ఇంతవరకు చేసిన పుస్తకాలలో బాగా చిక్కుపెట్టినదాన్ని తీసుకోండి. పాదసూచికలు, పట్టికలు, రెండు మూడు లిపులు, బరువైన బొమ్మలు అన్నీ ఉన్న ఫైలు అయితే మరీ మంచిది. ఆ ఫైలుకు నకలు తీసి ట్రయల్ వెర్షన్‌లో తెరవండి. పాత వెర్షన్ నుంచి ఒక పీడీఎఫ్, కొత్తదాని నుంచి ఒక పీడీఎఫ్ తీసి, రెండింటినీ పక్కపక్కన పెట్టి పుట తరువాత పుట చూడండి. తెలుగు పుటలున్న ఫైలయితే పేరా స్టైల్‌లో వరల్డ్ రెడీ కంపోజర్ (భారతీయ లిపుల వంటివాటిని సరిగా కూర్చే ఏర్పాటు) ఎంపికై ఉందో లేదో ముందుగా చూడాలి, అది లేకపోతే ఒత్తులు చోటు తప్పుతాయి. ఫైలు తెరుచుకోవడానికి, పీడీఎఫ్ తయారు కావడానికి ఎంతసేపు పట్టిందో కూడా రాసుకోండి. మీ కంప్యూటరు కొత్త వెర్షన్‌ను మోయగలదో లేదో కంపెనీ ఇచ్చే కనీస అర్హతల పట్టిక కన్నా ఆ నిమిషాలే బాగా చెబుతాయి.

నా అంచనా ఇది. ప్రెస్సువారు మీరిచ్చే పీడీఎఫ్‌తోనే తృప్తి పడుతూ, తెరిచే ఫైలు ఇమ్మని ఎవరూ అడగకుండా ఉన్నంతకాలం మీరు మారనక్కరలేదు. కంప్యూటరు మార్చవలసిన రోజు దగ్గర పడినప్పుడు గానీ, సంపాదకులో మరో డిజైనరో తమ ఫైళ్లను మీకు పంపడం మొదలైనప్పుడు గానీ మారండి. ఆ రోజు వచ్చేదాకా ఆగకుండా ఇప్పుడే చేయవలసిన పని ఒకటుంది: ముగిసిన ప్రతి పుస్తకాన్నీ ప్యాకేజీ చేసి, ఫాంట్లు, బొమ్మలు, ఐడీఎమ్‌ఎల్, పీడీఎఫ్ నాలుగూ ఒకే ఫోల్డరులో ఉండేలా చూసుకోండి. ఇన్‌డిజైన్‌కు ముందు పుటలు కూర్చడానికి వాడిన పేజ్‌మేకర్‌తో పని చేసినవారికి దీని విలువ తెలుసు. పేజ్‌మేకర్ ఫైళ్లను నేరుగా తెరవగలిగిన ఇన్‌డిజైన్ వెర్షన్లు సీఎస్6తోనే ఆగిపోయాయి. అంటే అటువంటి పాత పుస్తకాలు మీ దగ్గర ఉంటే, వాటిని తెరిచి మార్చిపెట్టుకోగల సాధనం ఈ రోజు మీ చేతిలోనే ఉంది.

చందా కట్టాలని నిశ్చయించుకున్నా ఒప్పందాన్ని నిదానంగా చదవండి. నెలనెలా కట్టేది అనిపించినవాటిలో కొన్ని నిజానికి ఏడాది ఒప్పందాలు, డబ్బు మాత్రమే వాయిదాలలో తీసుకుంటారు. మధ్యలో మానేస్తే రుసుము పడుతుంది. ఈ రుసుమును ముందుగా స్పష్టంగా చెప్పడం లేదన్న ఆరోపణతోనే 2024 జూన్‌లో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ తరఫున అడోబీపై దావా పడింది. చందా వద్దనుకునేవారికి అఫినిటీ (ఛాయాచిత్రాలకు, గీతల బొమ్మలకు, పుటలకు వేర్వేరుగా ఉన్న మూడు ప్రోగ్రాములు) చాలాకాలం ప్రత్యామ్నాయంగా నిలిచింది. దాన్ని తయారుచేసిన సెరిఫ్ సంస్థను 2024లో కాన్వా కొనుగోలు చేసింది, 2025 అక్టోబరులో మూడు ప్రోగ్రాములనూ ఒక్కటిగా కలిపి ఉచితంగా ఇవ్వడం మొదలుపెట్టింది. ఇది ఐడీఎమ్‌ఎల్‌ను తెరుస్తుంది కాబట్టి ప్రయత్నించి చూడవచ్చు. అయితే రెండో వెర్షన్ దాకా అది భారతీయ లిపులను సరిగా కూర్చలేకపోయింది కనుక ముందుగా ఒక్క తెలుగు పుట కూర్చి చూసుకోండి. ఒక సాఫ్ట్‌వేర్ ధర పదేళ్లలో ఇన్ని రకాలుగా మారగలిగినప్పుడు, ఈనాటి ధరను చూసి జీవితకాలపు నిర్ణయం తీసుకోవడం తెలివైన పని అనిపించుకోదు.

ప్రశ్న: కొత్త వెర్షన్‌లో పాత లోగో ఫైళ్లు తెరిస్తే ఫాంట్లు లేవని సందేశం వస్తోంది. అవి కంప్యూటరులో ఉన్నాయి, పాత వెర్షన్‌లో కనిపిస్తున్నాయి కూడా. మరో ఫైలును ఫోటోషాప్‌లో తెరిస్తే సంస్థ రంగు ఉండవలసిన చోట నలుపు కనిపించింది. ఇన్‌స్టాల్ చేయడంలో ఏమైనా పొరపాటు జరిగిందా?
— లోగోలు, లెటర్‌హెడ్‌లు చేసే ఒక పాఠకురాలు

సమాధానం: మీవైపు ఏ పొరపాటూ లేదు. ఇవి రెండూ కొత్త వెర్షన్లు తీసివేసిన సదుపాయాల ఫలితాలు. ఏమేమి చేర్చారో పెద్ద అక్షరాలతో చెప్పినంతగా ఏమేమి తీసివేశారో ఎవరూ చెప్పరు కాబట్టి చాలామందికి ఇది పని మధ్యలోనే తెలుస్తుంది.

ఫాంట్ల సంగతి ముందు చూద్దాం. మీ పాత ఫాంట్ల ఫైలు పేర్లు ‘పీఎఫ్‌బీ’, ‘పీఎఫ్‌ఎం’ అనే అక్షరాలతో ముగుస్తుంటే అవి పాతకాలపు పోస్ట్‌స్క్రిప్ట్ టైప్ 1 ఫాంట్లు. వీటితో అక్షరాలు కూర్చే సదుపాయాన్ని అడోబీ ముందు ఫోటోషాప్‌లోనూ, 2023 జనవరి నుంచి మిగిలిన ప్రోగ్రాములలోనూ నిలిపివేసింది. ఫాంటును లోపల పొదిగి ఉంచిన పీడీఎఫ్‌లు, ఈపీఎస్ బొమ్మలు మునుపటిలాగే కనిపిస్తాయి, అచ్చవుతాయి. వాటిలోని అక్షరాలను దిద్దడం మాత్రం కుదరదు. దీనికి మందు, అదే ఫాంటుకు ఇప్పుడు వాడుకలో ఉన్న ఓపెన్‌టైప్ రూపాన్ని తయారీదారు నుంచి తీసుకోవడం. బజారులో దొరికే మార్పిడి ప్రోగ్రాములతో మీరే మార్చుకోవాలనుకుంటే ముందు ఆ ఫాంటు లైసెన్సు అందుకు ఒప్పుకుంటుందో లేదో చూడండి. ఎలా మార్చినా అక్షరాల మధ్య ఎడం కొద్దిగా తేడా రావచ్చు. లోగోల విషయంలో ఆ తేడాను క్షమించే యజమాని ఉండడు కనుక, పాత వెర్షన్ ఇంకా నడుస్తున్న ఈ సమయంలోనే ప్రతి లోగోలోని అక్షరాలనూ ఔట్‌లైన్‌గా (ఫాంటు అవసరం లేని గీతలుగా) మార్చిన నకలు ఒకటి దాచుకోండి. దిద్దగలిగే మూల ఫైలును మాత్రం చెరపవద్దు.

ఇక రంగు. అచ్చు రంగులకు ప్రామాణిక పేర్లు ఇచ్చే పాంటోన్ సంస్థకూ అడోబీకీ మధ్య లైసెన్సు ఏర్పాటు మారడం వల్ల 2022 నవంబరు నుంచి చాలా పాంటోన్ పట్టికలు అడోబీ ప్రోగ్రాములతో ఉచితంగా రావడం ఆగిపోయింది. ఆ రంగులున్న ఫైళ్లను ఫోటోషాప్‌లో తెరిచినవారికి వాటి స్థానంలో నలుపు కనిపించింది. ఆ పట్టికలు మళ్లీ కావాలంటే పాంటోన్ వారి ప్లగిన్‌కు విడిగా చందా కట్టాలి. చందా కట్టనక్కరలేని దారి కూడా ఉంది. స్పాట్ కలర్‌కు (విడి సిరాతో అచ్చయ్యే రంగుకు) ప్రెస్సువారు గుర్తుపట్టే పేరునే ఉంచి, తెర మీద చూడడానికి దాని ల్యాబ్ విలువలను (కంటికి కనిపించే రంగును చెప్పే అంకెలను) మీరే నింపుకోవచ్చు. అచ్చులో సిరాను నిర్ణయించేది ఆ పేరు, చేతిలోని అచ్చు నమూనా పుస్తకం మాత్రమే. తెర మీద కనిపించే రంగుకు అందులో పెద్దగా పాత్ర లేదు. అందుకే ప్రతి ఖాతాదారుడి రంగులనూ పేరు, ల్యాబ్ విలువ, సీఎంవైకే విలువ (నాలుగు అచ్చు సిరాల పాళ్లు) మూడూ పక్కపక్కన ఉండేలా మామూలు టెక్స్ట్ ఫైలులో రాసి పెట్టుకోవడం మంచిది.

ప్రశ్న: మాది చిన్న స్టూడియో. ఒక ఉద్యోగి సగం పని మీద ఉండగా అప్‌డేట్ చేశాడు. అతను దిద్దిన ఫైళ్లు ఇప్పుడు మిగిలినవారి దగ్గర తెరుచుకోవడం లేదు. ఇలా మళ్లీ జరగకుండా ఏం చేయాలి?
— ఒక స్టూడియో నిర్వాహకుడు

సమాధానం: ప్రస్తుతానికి అతని చేత ఆ ఫైళ్లన్నిటినీ పాత వెర్షన్‌కు తగిన రూపంలో ఎగుమతి చేయించి, ముందుగా తీసిన పీడీఎఫ్‌తో పోల్చి చూడండి. ఇక ముందుకు ఒక కట్టుబాటు పెట్టుకోండి: అందరూ ఒకే రోజున మారాలి, ఆ రోజు రెండు పనుల మధ్య ఖాళీలో పడాలి. తనంతట తాను అప్‌డేట్ అయ్యే ఎంపికను ప్రతి కంప్యూటరులోనూ తీసివేయండి. కొత్త ప్రధాన వెర్షన్ ఇన్‌స్టాల్ చేసేటప్పుడు ‘పాత వెర్షన్లను తొలగించు’ అనే గడి కనబడుతుంది, చాలామంది చూడకుండా ముందుకు వెళ్లిపోయేది అక్కడే. దాన్ని ఖాళీగా వదిలితే రెండు వెర్షన్లూ పక్కపక్కనే ఉంటాయి. తరువాత తెచ్చుకోవచ్చులే అనే ధీమా పనికిరాదు, ఎందుకంటే మామూలు చందాదారులకు తాజా ప్రధాన వెర్షన్‌నూ దాని ముందరి దాన్నీ మాత్రమే అందుబాటులో ఉంచుతామని అడోబీ 2019లోనే చెప్పింది. ఈ విషయంలో త్రీడీ బొమ్మలు చేసే ఉచిత ప్రోగ్రాము బ్లెండర్ వారి పద్ధతి ముచ్చటగా ఉంటుంది. 2020లో వచ్చిన 2.83తో మొదలుపెట్టి, కొన్ని వెర్షన్లకు రెండేళ్లపాటు లోపాల సవరణలు మాత్రమే అందిస్తారు, కొత్త సరుకు ఏదీ చేర్చరు. సుదీర్ఘమైన పని మీద ఉన్న బృందానికి అటువంటిదే క్షేమం.

ప్రశ్న: ఉద్యోగం మారడానికి డిజైన్ నేర్చుకుంటున్నాను. ఇంటర్నెట్‌లో ఉచిత వీడియోలు లెక్కలేనన్ని చూశాను. చూస్తున్నంతసేపూ అర్థమవుతుంది, ఖాళీ పుట ముందు కూర్చుంటే చేయి ఆడదు. డబ్బు కట్టి కోర్సులో చేరితే ఈ ఇబ్బంది తీరుతుందా? మంచి కోర్సును గుర్తుపట్టడం ఎలా?
— కొత్తగా ఈ వృత్తిలోకి వస్తున్న ఒక పాఠకురాలు

సమాధానం: డబ్బు కట్టినంత మాత్రాన తీరదు. డబ్బు కట్టిన వీడియోను కూడా చూస్తూ కూర్చోవచ్చు, చాలామంది చేసేది అదే. మీ ఇబ్బందికి అసలు కారణం పాఠంలో చేతి కదలికలు మాత్రమే ఉండడం, అలా ఎందుకు కదలాలో లేకపోవడం.

బిందువులు పెట్టి వంపు గీతలు గీసే పెన్ టూల్ పాఠాన్నే తీసుకోండి. ఒక ఆకు ఆకారం గీయాలి. ఒక ఉపాధ్యాయుడు ఇక్కడ క్లిక్ చేయండి, ఇక్కడ లాగండి, మళ్లీ ఇక్కడ క్లిక్ చేయండి అంటూ పోతాడు. మీరూ అలాగే చేస్తారు, ఆకు వస్తుంది. మరునాడు పక్షి రెక్క గీయమంటే బిందువులు ఎక్కడ పెట్టాలో తోచక ఇరవై చోట్ల పెడతారు, గీత గతుకులు గతుకులుగా వస్తుంది. మరో ఉపాధ్యాయుడు గీయడానికి ముందే ఆగి, వంపు ఎక్కడ దిక్కు మార్చుకుంటోందో చూపిస్తాడు. గీత బాగా పైకి, కిందికి, పక్కలకు చేరిన కొసల దగ్గర బిందువు పెడితే హ్యాండిల్స్ (బిందువు నుంచి సాగి వంపును నడిపే పుల్లలు) నిలువుగానో అడ్డంగానో నిలుస్తాయని, వంపు పొడవులో దాదాపు మూడో వంతుకు హ్యాండిల్‌ను లాగితే గీత నునుపుగా వస్తుందని, ఒక బిందువును తీసివేసినా ఆకారం చెడకపోతే ఆ బిందువు అనవసరమని చెబుతాడు. రెండో ఉపాధ్యాయుడి దగ్గర నేర్చుకున్నవారు ఇలస్ట్రేటర్ లేకపోతే ఇంక్‌స్కేప్‌లోనో కోరల్‌డ్రాలోనో అదే రెక్కను గీయగలరు, ఎందుకంటే ఆ వంపుల వెనుక ఉన్న లెక్క అన్నిటా ఒకటే. కోర్సుకు డబ్బు కట్టే ముందు ఉచితంగా చూడనిచ్చే నమూనా పాఠంలో ఈ ఒక్క సంగతిని పరిశీలించండి: ఆయన ఆగి కారణం చెబుతున్నాడా, లేక మౌసు వెంట మిమ్మల్ని పరిగెత్తిస్తున్నాడా?

పాఠం తేదీ కూడా చూడాలి, అయితే అన్ని పాఠాలకూ ఒకే కొలత పనికిరాదు. ప్రోగ్రాము తీరును నేర్పే పాఠాలు త్వరగా పాతబడతాయి. ఫోటోషాప్‌లో బొమ్మను నిష్పత్తి చెడకుండా పెంచడానికి షిఫ్ట్ నొక్కి పట్టుకోమని పాత పాఠాలన్నీ చెబుతాయి. 2018 అక్టోబరులో వచ్చిన వెర్షన్ నుంచి ఏమీ నొక్కకపోతేనే నిష్పత్తి నిలుస్తుంది, షిఫ్ట్ నొక్కితే చెడుతుంది. ఇలస్ట్రేటర్, ఇన్‌డిజైన్‌లలో మాత్రం మామూలుగా పాత పద్ధతే. పాత వీడియో చూసి షిఫ్ట్ నొక్కి, బొమ్మ సాగిపోయినప్పుడు తమకే చేతకాలేదని కుంగిపోయే విద్యార్థులు ఎందరో ఉంటారు. 2019 జూలైలో వచ్చిన బ్లెండర్ 2.80 అయితే వస్తువును ఎంచుకునే మౌసు బటన్‌తో సహా తెర స్వరూపాన్నే మార్చివేసింది కాబట్టి, అంతకు ముందరి పాఠాలు కొత్తవారికి తలనొప్పే. అక్షరాల ఎంపిక, పుటలో ఖాళీ స్థలం, రంగుల పొందిక, మాస్కుల (బొమ్మలో కొంత భాగాన్ని చెరపకుండా దాచే పద్ధతి) వెనుక ఉన్న ఆలోచన వంటివి నేర్పే పాఠాలకు మాత్రం వయసుతో పని లేదు. నన్నడిగితే మొదటి రకానికి పైసా కూడా ఖర్చు చేయవద్దంటాను. దానికి ఆయా సాఫ్ట్‌వేర్లతో వచ్చే అధికారిక మార్గదర్శి చాలు, అది వెర్షన్‌తో పాటే మారుతుంది. బ్లెండర్, క్రిటా, ఇంక్‌స్కేప్ వంటి ఉచిత ప్రోగ్రాముల మార్గదర్శులు కూడా ఓపికగా చదివేవారికి ఎంతో ఇస్తాయి. డబ్బంటూ పెడితే, మీరు చేసిన పనిని చూసి తప్పులు దిద్దే మనిషి ఉన్న చోట పెట్టండి. వందలాది గంటల వీడియోలు ఉన్నాయని చెప్పుకునే కోర్సు కన్నా, వారానికి ఒక్కసారైనా మీ పుటను తెరిచి ‘ఈ శీర్షిక ఇంత పెద్దగా ఎందుకుంది’ అని అడిగేవారున్న చిన్న తరగతి మేలు.

చేరేముందు ఆ ఉపాధ్యాయుడు స్వయంగా చేసిన పనులు చూడండి. పాఠం చెప్పడం కోసమే చేసిన బొమ్మలు తప్ప, ఎవరో ఖాతాదారుడి కోసం చేసినవి ఒక్కటీ కనబడకపోతే కొంత ఆలోచించవలసిందే. అభ్యాసానికి ఫైళ్లు ఇస్తారా, కోర్సు ముగిశాక పాఠాలు మీకు అందుబాటులో ఉంటాయా, చందా ఆపిన రోజునే మూతపడతాయా అన్నవి కూడా ముందే అడిగి తెలుసుకోండి.

ఇక చేయి ఆడకపోవడం గురించి. వీడియోను మొదట చివరిదాకా చూడండి, ప్రోగ్రాము తెరవవద్దు. తరువాత వీడియో మూసివేసి, పూర్తయిన బొమ్మను మాత్రం ఎదురుగా పెట్టుకుని దాన్ని చేరుకోవడానికి ప్రయత్నించండి. ఆగిపోయిన చోటును కాగితం మీద రాసుకుని, ఆ ముక్క వరకే మళ్లీ చూడండి. మరునాడు అదే పద్ధతిని మీ సొంత బొమ్మ మీద, మీ సొంత మాటలతో చేయండి. ఉపాధ్యాయుడిచ్చిన చక్కని ఛాయాచిత్రం మీద కుదిరినది మీరు ఫోనులో తీసిన మసక బొమ్మ మీద కుదరదు. నేర్చుకోవడం మొదలయ్యేది అప్పుడే.

ప్రశ్న: సర్టిఫికెట్ ఉంటే పని సులభంగా దొరుకుతుందా?
— ఒక విద్యార్థి

సమాధానం: సాఫ్ట్‌వేర్ వాడడం వచ్చునని సర్టిఫికెట్ చెబుతుంది. దరఖాస్తులను జల్లెడ పట్టే పెద్ద సంస్థలలోనూ, విద్యాసంస్థలలోనూ అది కొంత అక్కరకు వస్తుంది. స్వతంత్రంగా పని చేసేవారిని మాత్రం ఎవరైనా ముందు అడిగేది చేసిన పనులనే. పరీక్ష రుసుముకు, నాలుగైదు మంచి పనులు చక్కగా అమర్చిన పోర్ట్‌ఫోలియోకు మధ్య ఒకటే కుదురుతుందంటే రెండోదాన్నే ఎంచుకోండి.

ప్రశ్న: కృత్రిమ మేధ సదుపాయాల కోసమే ఫోటోషాప్ కొత్త వెర్షన్‌కు మారాలనుకుంటున్నాను. మావి ఎక్కువగా అచ్చుపనులు, పోస్టర్లు. ఇది సరైన కారణమేనా?
— ఒక పోస్టర్ డిజైనర్

సమాధానం: మీ పనిలో అది ఎక్కడ వాడతారన్న దాన్నిబట్టి ఉంటుంది. ఫోటోషాప్‌లో జెనరేటివ్ ఫిల్ (ఎంచుకున్న చోటును కృత్రిమ మేధతో నింపే సదుపాయం) 2023 మే నెలలో బీటాగా, అదే ఏడాది సెప్టెంబరులో మామూలు వెర్షన్‌లోకి వచ్చింది. బొమ్మ అంచును కొద్దిగా పొడిగించడం, వెనుకనున్న తీగనో స్తంభాన్నో తీసివేయడం వంటి పనుల్లో ఇది గంటల శ్రమను నిజంగానే తగ్గిస్తుంది. పోస్టరుకు ప్రధాన చిత్రాన్నే దానితో పుట్టించాలనుకుంటే మాత్రం కొలతలు చూసుకోవాలి. మొదట్లో అది పుట్టించిన భాగం ఒక్కో వైపు 1,024 పిక్సెళ్లు మాత్రమే ఉండేది. అచ్చుకు మామూలుగా కోరే 300 పీపీఐ (అంగుళానికి 300 పిక్సెళ్లు) దగ్గర అది దాదాపు 8.7 సెంటీమీటర్లు. అంతకు మించిన చోటులో దాన్ని సాగదీసి నింపుతుంది కనుక, చుట్టూ నిశితంగా ఉన్న ఛాయాచిత్రం మధ్య అది మెత్తగా, మసకగా తేలిపోతుంది. ఈ పరిమితి వెర్షన్‌ను బట్టి మెరుగవుతూ వస్తోంది కాబట్టి, ట్రయల్‌లో మీ పోస్టరు అసలు కొలతతో ఒక ఫైలు తయారుచేసి, పుట్టించిన భాగాన్ని నూటికి నూరు శాతం జూమ్‌లో చూడండి. తెరకు సరిపోయేలా కుదించి చూస్తే అన్నీ బాగానే ఉన్నట్టు కనిపిస్తాయి. ఒక చిన్న ముక్కను అసలు కాగితం మీద అచ్చు తీయించి చూడగలిగితే ఇంకా మంచిది.

డబ్బు మాటకు వస్తే, ఈ పని మీ కంప్యూటరులో జరగదు. బొమ్మ సంస్థవారి సర్వరుకు వెళ్లి తిరిగి వస్తుంది, వాడినకొద్దీ క్రెడిట్లు తరుగుతాయి. ఒక నెలలో మీరు సరిదిద్దే బొమ్మలెన్నో, ఒక్కోదానికి ఎన్నిసార్లు ప్రయత్నిస్తారో లెక్క వేసుకుని, మీ చందాలో వచ్చే క్రెడిట్లు దానికి సరిపోతాయో లేదో చూడండి. బొమ్మ బయటికి వెళుతుందన్న మాటకు ఇంకో అర్థం కూడా ఉంది. ఇంకా విడుదల కాని వస్తువు ఛాయాచిత్రాన్ని రహస్యంగా ఉంచుతానని మీరు సంతకం చేసి ఉండవచ్చు. అటువంటి పనిని ఈ సదుపాయంతో ముట్టుకునే ముందు ఖాతాదారుడి అనుమతిని రాతపూర్వకంగా తీసుకోండి. ఆయన వద్దంటే క్లోన్ స్టాంపు, హీలింగ్ బ్రష్ ఎప్పటిలాగే ఉన్నాయి. అవి మీ దగ్గరున్న పాత వెర్షన్‌లోనూ ఉన్నాయి కనుక, మీ ఖాతాదారులలో ఎక్కువమంది అలా వద్దనేవారే అయితే మారే ఆలోచనను వాయిదా వేసుకోవచ్చు.